అనుదిన ధ్యానానికి ఏది పట్టుకోవాలి? కృప, కృతజ్ఞతల మీద మనసు నిలపాలనుకునేవాళ్ళకి

ప్రతి ఏడాదీ డిసెంబర్ చివరి వారంలో మా స్త్రీల కూడిక అయిపోయి చాపలు చుట్టేటప్పుడు ఎవరో ఒకరు నా దగ్గరికొచ్చి అడుగుతారు, "అక్కా, కొత్త సంవత్సరానికి ఏ ధ్యాన పుస్తకం తీసుకోమంటావు?" అని. ఒకప్పుడు నాకు నచ్చిన పేరు ఒకటి చెప్పేసి ఊరుకునేదాన్ని. ఇప్పుడు చెప్పే ముందు వాళ్ళనే నాలుగు ప్రశ్నలు అడుగుతున్నాను. నైట్ డ్యూటీ చేసి ఉదయం ఎనిమిదింటికి ఇల్లు చేరే నర్సుకి సరిపోయేది ఇద్దరు చంటిపిల్లల తల్లికి సరిపోదు, వాళ్ళిద్దరికీ సరిపోయేది నిన్నగాక మొన్న భర్తను పోగొట్టుకున్న ఆవిడకి అసలే సరిపోదు. సరిపడని పుస్తకం చేతిలో పడితే ఏమవుతుందో చూస్తూనే ఉన్నాను: జనవరి అంతా పట్టుదలగా చదువుతారు, ఫిబ్రవరిలో నాలుగు రోజులు తప్పిపోతాయి, మార్చికల్లా "నాకు భక్తి తక్కువ" అని తమకు తామే తీర్పు చెప్పుకుని పుస్తకం బీరువా మీద పెట్టేస్తారు. కృప గురించి చదవాలని మొదలుపెట్టినవాళ్ళు తప్పు చేసినవాళ్ళలా తలదించుకోవడం చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

తొందరలో ఉన్నవాళ్ళకి ముందే చెప్పేస్తాను. మామూలుగా ఇల్లూ ఉద్యోగమూ నడుపుకుంటున్నవాళ్ళకి తేదీలున్న ధ్యాన పుస్తకం ఒకటీ, రాత్రి రెండు వాక్యాలు రాసుకోవడానికి ఒక నోటు పుస్తకమూ చాలు. బైబిలు ఇంతవరకు ఒక్కసారి కూడా వరుసగా చదవనివాళ్ళు ధ్యాన పుస్తకం కొనకండి, కొత్త నిబంధన మొదలుపెట్టండి. దుఃఖంలో ఉన్నవాళ్ళు అన్నీ పక్కనపెట్టి కీర్తనల గ్రంథం తెరవండి. ఫోన్లో వచ్చే వాక్యం చూసుకుని అదే ధ్యానం అనుకుంటున్నవాళ్ళు మాత్రం కింద రాసింది కాస్త ఓపికగా చదవండి, మీ గురించే ఎక్కువ ఆలోచించి రాశాను.

ఏది తీసుకున్నా ముందు ఈ పరీక్ష పెట్టండి

మన మాటనే చూడండి. కృతం అంటే చేసినది, జ్ఞత అంటే తెలిసి ఉండటం. కృతజ్ఞత అంటే ఎదుటివాళ్ళు మనకు చేసినది తెలిసి ఉండటం, అంతే. దానికి ఎదురుమాట కృతఘ్నత, చేసిన మేలును చంపెయ్యడం. అంటే థాంక్స్ చెప్పడం తరువాతి సంగతి, ముందు చేసినది గుర్తుండాలి. కొత్త నిబంధన రాసిన గ్రీకు భాషలో ఇది ఇంకా దగ్గరగా కనిపిస్తుంది: కృపను కారిస్ అంటారు, కృతజ్ఞతాస్తుతిని యూకరిస్తియా అంటారు, రెండో మాట కడుపులో మొదటి మాట ఉంది. కతోలిక సోదరులు వరప్రసాదం అన్నా, మనం కృప అన్నా, దేవుడు మన అర్హత చూడకుండా ఇచ్చినదాని గురించే మాట్లాడుతున్నాం. "ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" అని ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయంలో ఉన్నది అదే.

కాబట్టి ఏ పుస్తకమైనా, యాప్ అయినా, ఏవైనా నాలుగు రోజుల ధ్యానాలు తీసి చూడండి. దేవుడు ఏం చేశాడో ముందు చెప్పి ఆ తరువాత మనల్ని స్తుతించమంటోందా, లేక "కృతజ్ఞత చూపండి, అప్పుడు మీకు ఆశీర్వాదాలు పెరుగుతాయి" అంటోందా? రెండోది చిట్టీ కట్టినట్టు ఉంటుంది, ఇంత వేస్తే అంత వస్తుందని. మేలు కలిగినంతకాలం బాగానే నడుస్తుంది గానీ స్కానింగ్ రిపోర్టు చేతికొచ్చిన రోజున ఆ ధ్యానం మనల్ని దోషిగా నిలబెడుతుంది, నువ్వు సరిగ్గా స్తుతించలేదు కాబట్టే ఇలా జరిగిందని. అలాంటిది ఎంత అందమైన అట్టతో వచ్చినా నేను కొననివ్వను.

ఇంకొక సంగతి. లూకా 18లో పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రం నిష్ఠగా పాటించేవాడు, దేవాలయంలో నిలబడి చేసిన ప్రార్థన గుర్తుందా, ఇతర మనుష్యులవలె, పన్నులు వసూలుచేసే ఈ సుంకరివలె ఉండనందుకు "నీకు కృతజ్ఞతాస్తుతులు చెల్లించుచున్నాను" అన్నాడు. మనం కూడికలో వాడే మాటే అది, అక్షరం తేడా లేదు. కృప తెలియని నోట్లో అదే మాట పక్కవాడి మీద పడే రాయి అయింది. "మనకి తిండైనా ఉంది, వాళ్ళకి అదీ లేదు, అందుకు స్తోత్రం" అని నేర్పే ధ్యానాలు చాలా తిరుగుతున్నాయి. పిల్లలకి కూడా అలాగే నేర్పేస్తున్నాం. అవి చదివినప్పుడు నాకు ఆ పరిసయ్యుడే గుర్తొస్తాడు.

వాగ్దాన కార్డు, ఫోన్లో వచ్చే వాక్యం

మనలో చాలామంది ధ్యానం ఇక్కడే మొదలవుతుంది, అందుకే దీన్ని తేలిగ్గా తీసిపారేయను. డిసెంబర్ 31 రాత్రి వాచ్ నైట్ సర్వీస్‌లో పాస్టర్ గారు పళ్ళెంలో కార్డులు పట్టుకుని వస్తే వణుకుతూ ఒకటి తీసుకుని, ట్యూబ్‌లైటు కిందికి వెళ్ళి చదువుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టమే. ఆ ఒక్క వాక్యం ఏడాదంతా అద్దం మూలన ఉండి రోజూ కనబడటంలో బలం ఉంది. చదువు రాని మా పెద్దమ్మ తన కార్డు ఇంకొకరి చేత చదివించుకుని నోటికి నేర్చుకునేది, సంవత్సరానికి ఒకటి చొప్పున అలా ఎన్ని వాక్యాలు నేర్చుకుందో.

కానీ చిక్కు ఎక్కడంటే, కార్డు మీద వాక్యం ఒక్కటే ఉంటుంది, దాని ముందూ వెనకా ఉండవు. యిర్మీయా 29:11 తీసుకోండి. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న మాట రాని కార్డుల కట్ట ఉండదు. ఆ మాట ఎవరికి రాశాడో చూశామా? యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా పోయినవాళ్ళకి రాసిన ఉత్తరం అది. దాని ముందు వచనంలోనే డెబ్బై సంవత్సరాలు పడుతుందని ఉంది. ఐదో వచనంలో ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని ఉంది, అంటే ఇప్పుడప్పుడే వెనక్కి రారు అని చెప్పడం. అది తెలిసి చదివితే ఆ వాగ్దానం చిన్నదైపోదు. మనవళ్ళు చూసే మేలు కోసం తాత ఇవాళ మొక్క నాటడంలో ఎంత కృప ఉందో అప్పుడు అర్థమవుతుంది. తెలియకుండా చదివితే మాత్రం జూన్ కల్లా వీసా రాలేదని దేవుడి మీద అలుగుతాం.

ఇక ఫోన్ సంగతి. మా అమ్మ పోయిన మూడో రోజు పొద్దున, ఇంట్లో బంధువులంతా ఇంకా నేల మీదే పడుకుని ఉండగా, నేనున్న ఒక గ్రూపులో రోజువారీ వాక్యం వచ్చింది. పసుపు పూలు, ఉదయిస్తున్న సూర్యుడు, "ఎల్లప్పుడును సంతోషముగా ఉండుడి". పంపినవాళ్ళ తప్పు లేదు, వాళ్ళకి నా సంగతి తెలియదు, రోజూ ఒకే టైముకి పంపుతారు. కానీ ఆ రోజు నేను ఆ ఫోన్ బోర్లా పెట్టేశాను, నెల రోజులు ఏ వాక్యమూ తెరవలేదు. తరువాత ఎప్పుడో ఆ వాక్యం ఉన్న థెస్సలొనీకయుల మొదటి పత్రిక మొత్తం ఒక్కసారిగా చదివాను. ఐదే అధ్యాయాలు, పావుగంట పట్టదు. సంతోషించమనీ, "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అనీ చెప్పిన పౌలే, దానికి ముందు అధ్యాయంలో ఆ సంఘంలో చనిపోయినవాళ్ళ గురించి మాట్లాడుతున్నాడు, నిరీక్షణ లేనివాళ్ళలా దుఃఖపడవద్దంటున్నాడు. ఏడవద్దని అనలేదు. ఏడుస్తున్నవాళ్ళకే ఆ ఉత్తరం రాశాడు. ఆ మాట మూడో రోజున ఎవరైనా నాకు చెప్పి ఉంటే బాగుండేది. బొమ్మ మీద అతికించిన ఒక్క వచనం అది చెప్పలేదు.

నా సలహా ఏమిటంటే, కార్డునీ ఫోన్ వాక్యాన్నీ వదలొద్దు, కానీ వచ్చిన వాక్యాన్ని బైబిల్లో తీసి ఆ అధ్యాయం మొత్తం చదవండి. ఐదు నిమిషాలు. అది చేయలేని రోజున వాక్యం చదివి ఊరుకోండి, ఇంకో పదిమందికి పంపడమే ధ్యానం అనుకోకండి.

తేదీలున్న ధ్యాన పుస్తకాలు

ఒక్కో తేదీకి ఒక్కో పేజీ ఉండే ఈ పుస్తకాల్లో మన తెలుగు ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది ఎడారిలో సెలయేర్లు. దీని మూలం ఇంగ్లీషులో 1925లో వచ్చింది. లెట్టీ కౌమన్ అనే ఆవిడ భర్తతో కలిసి జపాన్‌లో మిషనరీగా పనిచేసింది, ఆయనకు గుండె జబ్బు వస్తే తిరిగి అమెరికా వెళ్ళిపోయారు, ఆరేళ్ళు మంచం పక్కన కూర్చుని సేవ చేసింది, 1924లో ఆయన పోయాడు. ఆ రోజుల్లో తనకు ఆసరా అయిన ప్రసంగాలు, పద్యాలు, వేరేవాళ్ళ మాటలు ఏరి కూర్చిన పుస్తకం అది. ఆ సంగతి తెలిస్తే దాని బలమూ తెలుస్తుంది, హద్దూ తెలుస్తుంది. శ్రమల్లో ఉన్నవాళ్ళకి అది పక్కన కూర్చున్న మనిషిలా ఉంటుంది. జీవితం హాయిగా నడుస్తున్న పాతికేళ్ళ కుర్రాడికి ఇస్తే పది పేజీలకే బరువనిపిస్తుంది, అది వాడి తప్పు కాదు.

మా అమ్మ దగ్గరున్న ప్రతి ఇప్పుడు నా దగ్గర ఉంది. అట్ట ఊడిపోతే పాత క్యాలెండర్ కాగితం వేసి మైదాపిండి జిగురుతో అంటించింది. వంటింట్లోనే చదివేది కాబట్టి చాలా పేజీలకి పసుపు వేళ్ళ గుర్తులున్నాయి. అమ్మ పోయాక చాలా రోజులకి ఒక ఆగస్టు పేజీ తీస్తే అంచున పెన్సిల్‌తో ఒకదాని కింద ఒకటి ఇలా ఉంది: "96 - బియ్యం లేవు." "97 - బియ్యం ఉన్నాయి. ఫీజు కట్టాం." "2004 - చిన్నదాని పెళ్ళి కుదిరింది. స్తోత్రం." మూడే ముక్కలు, మూడు సంవత్సరాలు, ఒకే తేదీ. నేను ఆ పేజీ దగ్గరే చాలాసేపు కూర్చుండిపోయాను. 96లో మాకు బియ్యం లేని రోజు ఉందని నాకు తెలియనే తెలియదు, మాకు అన్నం పెట్టే ఉంటుంది.

తేదీలున్న పుస్తకానికి ఉన్న అసలు లాభం నాకు అక్కడ తెలిసింది. ప్రతి ఏడాదీ అదే తేదీకి అదే పేజీ తిరిగొస్తుంది. పేజీ మారదు, మనం మారతాం, మధ్యలో దేవుడు ఏం చేశాడో అంచున మిగిలిపోతుంది. కీర్తన 103లో "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము" అని దావీదు తన ప్రాణానికి తానే చెప్పుకున్నాడే, దానికి నేను చూసిన సాధనాల్లో ఇంతకంటే సులువైనది లేదు. అందుకే ఈ రకం పుస్తకం కొంటే అంచు వెడల్పుగా ఉన్నది చూసుకోండి, ఐదేళ్ళైనా మార్చకండి. ఏటా కొత్త పుస్తకం కొనేవాళ్ళకి ఈ లాభం దక్కదు.

మిగతావి క్లుప్తంగా. స్కాట్లండ్ ప్రసంగకుడు ఆస్వాల్డ్ ఛేంబర్స్ పేరుతో ఉన్న మై అట్మోస్ట్ ఫర్ హిజ్ హైయెస్ట్ 1927లో వచ్చింది. ఆయన 1917లోనే ఈజిప్టులో చనిపోయాడు, ఆయన ప్రసంగాలను షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్న భార్య తరువాత వాటిని పుస్తకంగా కూర్చింది. ఓదార్పు కోసం వెళ్తే అది కాస్త గట్టిగా తగులుతుంది, సమర్పణ గురించి మొహమాటం లేకుండా అడుగుతుంది. విశ్వాసంలో కొంతకాలం నడిచినవాళ్ళకి మంచిది, కొత్తవాళ్ళకి వద్దంటాను. ఇంగ్లండు ప్రసంగకుడు స్పర్జన్ ఉదయ సాయంకాల ధ్యానాలు పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషులో ఉంటాయి, భాష కష్టం, కానీ కృప మీద ఆయన రాసినంత తీయగా రాసినవాళ్ళు తక్కువ. అవర్ డైలీ బ్రెడ్ 1956 నుంచి వస్తోంది, తెలుగులోనూ దొరుకుతుంది. ఒక వాక్యభాగం, ఒక చిన్న కథ, ఒక ప్రార్థన, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. బస్సులో చదువుకోవచ్చు, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఇవ్వచ్చు. దానిలో నాకున్న చిన్న అభ్యంతరం, కథ గుర్తుంటుంది, వాక్యం మరచిపోతాం. ముందు వాక్యభాగం చదివి తరువాత కథలోకి వెళ్తే ఆ ఇబ్బంది ఉండదు.

యాప్‌లు

యూవర్షన్ బైబిల్ యాప్ 2008 నుంచి ఉంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగు అనువాదాలు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. పాత అనువాదం భాష కష్టంగా ఉన్న పిల్లలకి వాడుక భాషకు దగ్గరగా ఉండే సమకాలీన అనువాదం తీసి ఇవ్వండి, అదే కీర్తన వాళ్ళకి కొత్తగా వినిపిస్తుంది. కృతజ్ఞత మీద మూడు రోజులు, ఏడు రోజులు ఉండే చిన్న ప్లాన్‌లు కూడా ఉంటాయి, కానీ ఎవరు రాశారో చూసి, పైన చెప్పిన పరీక్ష పెట్టి తీసుకోండి. గల్ఫ్‌లో ఇళ్ళలో పనిచేసే మన అక్కచెల్లెళ్ళకి పుస్తకం దగ్గర పెట్టుకోవడం, ఓ మూల కూర్చుని చదవడం కుదరకపోవచ్చు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఇస్త్రీ చేస్తూ ఒక అధ్యాయం తెలుగులో వినడం కుదురుతుంది. వాళ్ళకి నేను మొదట చెప్పేది ఆడియో బైబిలే. మిగతావాళ్ళకి యాప్ రెండో స్థానంలో పెట్టండి. బైబిల్ కోసం ఫోన్ తీసినవాళ్ళం కరెంటు బిల్లు మెసేజ్ చూసి అక్కడి నుంచి ఎటో వెళ్ళిపోతాం, అందరికీ జరిగేదే. ఎన్ని రోజులు వరుసగా చదివామో లెక్క చూపించే ఆ స్ట్రీక్ కూడా కొందరికి టెన్షన్ పెడుతుంది. అది సున్నాకి వస్తే దేవుడి దగ్గర మన లెక్క సున్నా అయినట్టు దిగులు పడొద్దు.

మనం ఎంచుకోని పఠనాలు

ఇది చాలామంది ఆలోచించని దారి, నాకు మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ ఎక్కువ నచ్చుతోంది. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్ళకి సంఘ క్యాలెండర్‌లో ఏ ఆదివారం ఏ పాఠమో అచ్చువేసి ఉంటుంది. కతోలిక సంఘంలో ప్రతి రోజు దివ్యబలి పూజకీ పఠనాలు ముందే నిర్ణయించి ఉంటాయి, ఆదివారాలవి మూడేళ్ళకి, మామూలు రోజులవి రెండేళ్ళకి ఒక చుట్టు తిరుగుతాయి. జర్మనీలో హెర్న్‌హుట్ అనే ఊళ్ళో మొరేవియన్ సోదరులనే ప్రొటెస్టెంటు సంఘంవాళ్ళు 1728లో రోజుకో వాక్యం ఇంటింటికీ చెప్పడం మొదలుపెట్టారు, 1731 నుంచి అచ్చు పుస్తకంగా వస్తోంది, ఇప్పుడు 50కి పైగా భాషల్లో ఉంది. పాత నిబంధన వాక్యాన్ని చీటీ వేసి తీస్తారు, దానికి తగిన కొత్త నిబంధన వాక్యం జతచేస్తారు. ఒక రకంగా మన వాగ్దాన కార్డుకి పెద్దన్న లాంటిది.

దీనిలో మేలు ఏమిటంటే వాక్యాన్ని మనం ఎంచుకోం. మనకే వదిలేస్తే మనకి నచ్చిన పది అధ్యాయాల చుట్టూనే తిరుగుతాం. మనం ఎంచుకోనిది వచ్చి మన ముందు నిలబడటం కూడా కృపలాంటిదే, అడగకుండా వచ్చేది. పైగా అదే రోజు అదే వాక్యం ఇంకెంతోమంది చదువుతున్నారు. ఊరుకాని ఊళ్ళో, డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఒంటరిగా ఉన్న పిల్లలు ఇక్కడి అమ్మానాన్నలతో కలిసి ఒకే పఠనం పెట్టుకుంటే, ఆదివారం ఫోన్‌లో "తిన్నావా" తరువాత మాట్లాడుకోవడానికి ఇంకొకటి ఉంటుంది.

వరుసగా బైబిల్

బైబిల్లో మొత్తం 1189 అధ్యాయాలు. ఏడాదిలో పూర్తి చేయాలంటే రోజుకి మూడు పైచిలుకు. స్కాట్లండ్ పాస్టరు రాబర్ట్ మర్రే మక్‌షేన్ 1842లో తన సంఘానికి ఇచ్చిన పట్టిక ఇంకా గట్టిది, రోజుకి నాలుగు అధ్యాయాలు, ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధనా కీర్తనలూ రెండేసి సార్లు అయిపోతాయి. రిటైరైనవాళ్ళు హాయిగా చేయవచ్చు. మిగతావాళ్ళకి నేను చెప్పే లెక్క వేరు: కొత్త నిబంధనలో 260 అధ్యాయాలున్నాయి. వారానికి ఐదు చదివితే సరిగ్గా 52 వారాలు. శని ఆదివారాలు సెలవు, తప్పిపోయినవి ఆ రెండు రోజుల్లో సర్దుకోవచ్చు. రోజుకి ఏడెనిమిది నిమిషాలు. ఎవరో వండి వడ్డించినది తినడానికి ముందు ఒక్కసారైనా పొలం చూసి రావాలి కదా, అందుకే మొదటిసారివాళ్ళకి ధ్యాన పుస్తకం వద్దని పైన అన్నాను.

రాత్రి నోటు పుస్తకం

ఇవన్నీ ఉదయానివి. రాత్రికి జెస్యూట్ సభను స్థాపించిన కతోలిక గురువు ఇగ్నేషియస్ లొయోలా పదహారో శతాబ్దంలో నేర్పిన ఆత్మపరిశీలన ఒకటి ఉంది, ప్రొటెస్టెంట్లం మనం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, పట్టించుకోవాలి. ఐదు మెట్లు: కలిగిన మేళ్ళకి ముందు కృతజ్ఞత చెప్పడం, తన పాపాన్ని చూసే కృప అడగడం, రోజునంతా వరసగా తలచుకోవడం, క్షమాపణ అడగడం, రేపు మార్చుకుంటానని అనుకోవడం. ఆ వరస చూడండి. మన అలవాటు ముందు తప్పులు లెక్కపెట్టుకుని, చివర్లో నిద్రమత్తులో "స్తోత్రం" అనెయ్యడం. ఆయన మేళ్ళు ముందు పెట్టాడు. మేలు చేసినవాడి ముఖం చూశాక తప్పు ఒప్పుకోవడం భయంగా ఉండదు.

నేను చేసేది ఇంకా చిన్నది. ఫ్రిజ్ మీద ఒక పిల్లల నోటు పుస్తకం, దారం కట్టిన పెన్ను. పడుకునే ముందు రెండే వాక్యాలు. ఒకటి, ఈరోజు నేను సంపాదించకుండా నాకు దొరికింది ఏమిటి. రెండు, ఈరోజు బరువుగా ఉన్నది ఏమిటి. రెండోది తప్పకుండా ఉండాలి. కృతజ్ఞత పుస్తకం పేరుతో దొరికేవాటిలో చాలావాటికి ఆ రెండో గడి ఉండదు, మూడు మేళ్ళు రాయండి అంటాయి అంతే. కొన్ని రోజులకి "ఆరోగ్యం, కుటుంబం, ఆహారం" అని హాజరుపట్టీలా రాస్తాం. అలా కాకుండా "మధ్యాహ్నం ఆటో అతను చిల్లర లేదని పది రూపాయలు వదిలేశాడు" అని రాస్తే అది మర్చిపోం.

దుఃఖంలో ఉన్నవాళ్ళకి

మీకు ఏ ధ్యాన పుస్తకమూ ఇవ్వను. కీర్తన 13 తీసుకోండి, ఆరే వచనాలు, "ఎన్నాళ్లు" అని నాలుగుసార్లు అడిగి చివరికి పాటలోకి వస్తుంది. ఆ చివరికి రాలేని రోజున కీర్తన 88 చదవండి. అది "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న చోటే ఆగిపోతుంది, తరువాత స్తుతి లేదు. దాన్ని కూడా దేవుడు తన గ్రంథంలో ఉండనిచ్చాడు. స్తోత్రం అనలేని రోజు కూడా ఆయన ఎదుట కూర్చోవచ్చని నాకు ఆ కీర్తన చెప్పింది. మీ ఇంట్లోనో సంఘంలోనో ఎవరైనా ఇలా ఉంటే వాళ్ళకి కృతజ్ఞత మీద పుస్తకం కానుకగా ఇవ్వకండి. అన్నం క్యారేజీ తీసుకెళ్ళండి.

పిల్లలతో కుటుంబ ప్రార్థన

ఇక్కడ పుస్తకం కంటే నోరు మేలు. కీర్తన 136లో 26 వచనాలు, ప్రతిదాని చివరా "ఆయన కృప నిరంతరముండును". పెద్దవాళ్ళు మొదటి సగం చదవాలి, పిల్లలు రెండో సగం అరవాలి. చదవడం రాని నాలుగేళ్ళ పిల్ల కూడా మూడో వచనానికల్లా అందుకుంటుంది. అది అయ్యాక మన ఇంటి వచనాలు కలపాలి. మా చిన్నవాడు ఒకసారి "మా లెక్కల టీచర్‌కి జ్వరం తగ్గించాడు" అన్నాడు, అందరం "ఆయన కృప నిరంతరముండును" అన్నాం. వాడికి ఆ టీచర్ అంటే భయమని ఇంట్లో అందరికీ తెలుసు, అందుకే నాకు ఆ వచనం అంత విలువైనది.

పంట పండుగ వస్తే పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్ళండి. ధాన్యం బస్తా, గుమ్మడికాయ, కాళ్ళు కట్టిన కోడి బలిపీఠం ముందు పెట్టడం, తరువాత వేలంలో ఒక గుమ్మడికాయ దాని ధరకి పదింతలు పలకడం వాళ్ళు చూడాలి. ఇంటికొచ్చాక ద్వితీయోపదేశకాండం 26 చదివి వినిపించండి. ప్రథమ ఫలాల గంప తెచ్చినవాడు ముందు గంప గురించి మాట్లాడడు. మా పితరుడు పరదేశి, ఐగుప్తులో బానిసలుగా ఉన్నాం, మొరపెట్టాం, ఆయన విన్నాడు, బయటికి తెచ్చాడు, ఈ నేల ఇచ్చాడు అని కథంతా చెప్పి, అప్పుడు గంప దించుతాడు.

ఉదయమా, రాత్రా?

మీరు మెలకువగా ఉండే సమయం. నైట్ డ్యూటీవాళ్ళకి ఉదయం తొమ్మిదిన్నరే రాత్రి, అప్పుడే నోటు పుస్తకం తియ్యండి. చంటిపిల్లల తల్లులకి పాలిచ్చే సమయం ఉంది, ఆడియో పెట్టుకోండి, మధ్యలో నిద్రపోతే పోండి. నాకు మంచినీళ్ళు వచ్చే టైము కుదిరింది, ఐదుంబావుకి కుళాయి తిప్పి డ్రమ్ము నిండేలోపు ఒక పేజీ అయిపోతుంది.

రోజులు తప్పిపోయినప్పుడు, అవి తప్పుతాయి, వెనక్కి వెళ్ళి అన్నీ చదవాలని కూర్చోకండి. ఇవాళ్టి తేదీ తియ్యండి. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఇచ్చిన ఆహారం మన్నా ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, మర్నాటికి దాచినది పురుగులు పట్టిందని నిర్గమకాండం 16లో ఉంది. ఆ అధ్యాయం చివర్లోనే ఒక గిన్నెడు మన్నా మాత్రం తరతరాలకి కనబడేలా దాచమన్నాడు, అది పాడవలేదు. అమ్మ పుస్తకం అంచుల్లో ఇప్పుడు నేను నీలం పెన్నుతో రాస్తున్నాను, ఆమె పెన్సిల్ మీద పడకుండా కొంచెం కిందకి. ఆ ఆగస్టు పేజీలో ఇంకా రెండు వరసలకి చోటుంది.